సమా మహఫిల్ నుండి క్యాసెట్టు దాకా: రికార్డింగు యంత్రాలు ఖవ్వాలీని మార్చిన తీరు

హిజ్రీ 633, అనగా క్రీ.శ. 1235లో ఢిల్లీ నగరంలోని ఒక ఖాన్ఖాహ్‌లో సమా మహఫిల్ జరుగుతూ ఉంది. ఖవ్వాలులు అహ్మద్ జామ్ రచించిన ఒక పారశీక గజల్ పాడుతున్నారు. అందులోని ఒక చరణం చెవిని పడగానే ఖ్వాజా ఖుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ (రహ్మ) ఒడలు మరచిపోయారు. చిష్తీ గ్రంథాలు చెప్పే ప్రకారం ఆ స్థితి నాలుగు రోజులు కొనసాగింది. నమాజు వేళకు తెలివి వచ్చేది. నమాజు ముగియగానే మళ్ళీ ఆ చరణమే కావాలనేవారు. ఖవ్వాలులు దానినే తిరిగి తిరిగి పాడుతూ వచ్చారు. చివరకు ఆ స్థితిలోనే ఆయన కన్నుమూశారు.

ఈ సంఘటనలోని ఆధ్యాత్మిక విశేషాన్ని అటుంచి, కేవలం సంగీతానికి సంబంధించిన విషయంగా చూసినా ఇందులో గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. పాట ఎంతసేపు సాగాలన్నది పాడేవాడు నిర్ణయించలేదు, గడియారమూ నిర్ణయించలేదు. వినేవాని హృదయం నిర్ణయించింది. ఆరువందల అరవై ఏడేండ్ల తరువాత ఇదే దేశానికి ఒక యంత్రం ఓడ దిగి వచ్చింది. ఎంత గొప్ప గాయకుడైనా సరే, ఎంత గొప్ప పాటైనా సరే, మూడు నిమిషాలలో ముగించాలని అది శాసించింది. ఆ శాసనం ఖవ్వాలీని ఏమి చేసింది, ఖవ్వాలుల జీవనాన్ని ఏమి చేసింది అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

సమా ధర్మసమ్మతమా కాదా అన్నది వేరే చర్చ. దానిపై ఉలమాల మధ్య ఆది నుండీ భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. నఖ్ష్‌బందీ పెద్దలు దానిని ప్రోత్సహించలేదు. చిష్తీలు దానిని అనుమతించారు, అయితే షరతులతో. ఆ షరతులు ఏమిటన్నది ఇక్కడ అవసరం. ఇమామ్ గజాలీ (రహ్మ) తమ 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో జునైద్ బగ్దాదీ (రహ్మ) అభిప్రాయంగా మూడు మాటలు పేర్కొన్నారు: జమాన్, మకాన్, ఇఖ్వాన్. అనగా తగిన సమయం, తగిన చోటు, తగిన సహచరులు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా సమాకు కూర్చోరాదు.

రికార్డింగు యంత్రం చేసే పని ఏమిటని ఎవరైనా ఒక్క వాక్యంలో అడిగితే, ఈ మూడింటి నుండి పాటను విడదీయడమేనని చెప్పవలసి ఉంటుంది. పాట ఏ వేళనైనా, ఏ చోటనైనా, ఎవరి మధ్యనైనా వినిపిస్తుంది. దాని సౌకర్యం అదే, దానివల్ల కలిగిన చిక్కు కూడా అదే.

బూర ముందు నిలిచిన గొంతు

ఎడిసన్ 1877లో తగరపు రేకు చుట్టిన గొట్టం మీద మనిషి మాటను పట్టి మళ్ళీ వినిపించాడు. పది సంవత్సరాల తరువాత ఎమిల్ బెర్లినర్ గొట్టానికి బదులు చదునైన పళ్ళెం వాడే గ్రామఫోనును కనిపెట్టాడు. వ్యాపార దృష్టితో చూస్తే రెండవదే ముఖ్యమైనది. ఎందుకంటే ఒక్క అచ్చు తయారైతే చాలు, దాని నుండి వేల పళ్ళేలు ఒత్తి తీయవచ్చు. పుస్తకానికి ముద్రణాలయం ఎటువంటిదో పాటకు గ్రామఫోను అటువంటిదైంది.

1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే నిపుణుడు గ్రామఫోన్ కంపెనీ తరఫున కలకత్తాలో రికార్డింగులు చేశాడు. అప్పుడు పాడిన వారిలో ప్రఖ్యాతురాలు గౌహర్ జాన్. ఆమె తన పాట చివర 'మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్' అని ఇంగ్లీషులో కేకవేసి చెప్పింది. వినేవారు అది ఆమె ఠీవి అనుకునేవారు. అసలు కారణం వేరు. మైనపు పలకలు జర్మనీలోని హానోవర్ కర్మాగారానికి వెళ్ళాలి. అక్కడి పనివారికి భాష తెలియదు, గాయకులు తెలియదు. ఏ పలక ఎవరిదో గుర్తుపట్టడానికి ఆ ప్రకటన అవసరమైంది. మహఫిల్‌లో ఎదురుగా కూర్చున్న మనిషి ఎవరని ఎవరూ అడగరు. ఎదురుగా మనిషి లేకుండా పోయినప్పుడే పేరు చెప్పుకోవలసి వచ్చింది.

ఆ రోజులలో మైక్రోఫోను లేదు. గాయకుడు ఒక పెద్ద బూర ముందు నిలబడి దానిలోకి బిగ్గరగా పాడాలి. ఆ శబ్దపు ఒత్తిడికి బూర చివరన ఉన్న పలుచని పొర కంపిస్తుంది; దానికి అమర్చిన సూది, తిరుగుతున్న మైనం మీద గీత గీస్తుంది. విద్యుత్తు ప్రసక్తి లేదు. సన్నని గొంతు మైనాన్ని చేరదు. ఢోలక్ దెబ్బ గట్టిగా పడితే సూది గాడి తప్పుతుంది. పది మంది బృందం ఒక్కసారి చప్పట్లు చరిస్తే అన్నీ కలిసి ఒక గరగర శబ్దంగా మిగులుతాయి. కనుక మనుషులను తగ్గించారు. మిగిలిన వారిలో ముఖ్య గాయకుని బూర దగ్గర నిలిపి, తక్కినవారిని వెనక్కు జరిపారు. ఖవ్వాలీలో బృందమంతా ఒక శరీరంవంటిది. ఆ శరీరం నుండి ఒక్క గొంతును వేరుచేసి ముందు నిలబెట్టడం అప్పుడే మొదలైంది. తరువాతి కాలంలో రికార్డు కవరుపై ఒక్క 'స్టార్' పేరు పెద్ద అక్షరాలలో కనిపించడానికి మూలం ఇక్కడ ఉంది.

ఇక కాలపరిమితి. పది అంగుళాల పళ్ళెం ఒక వైపు సుమారు మూడు నిమిషాలు. పన్నెండు అంగుళాలదైతే నాలుగు నిమిషాలకు కొంచెం ఎక్కువ. దీని అర్థమేమిటో తెలియాలంటే దర్గాలో ఖవ్వాలీ ఎలా నడుస్తుందో గుర్తుకు తెచ్చుకోవాలి. ముందు హార్మోనియం మీద వాద్యపు ఎత్తుగడ, ఆపైన తాళం లేకుండా ఒక రుబాయీ లేదా దోహా, ఆపైన నెమ్మదిగా అసలు పాట. ఒక పంక్తి పాడి, దానికి సరిపోయే మరొక కవి షేర్‌ను మధ్యలో అతికించి, మళ్ళీ అదే పంక్తికి వస్తారు. దీనినే 'గిరహ్' అంటారు, అనగా ముడి. ఎదురుగా కూర్చున్న వారిలో ఎవరి ముఖం మారింది, ఎవరి తల ఊగింది అని ఖవ్వాల్ కనిపెడుతూనే ఉంటాడు. ఒకరికి హాల్ వస్తే ఆ పంక్తిని వదలి ముందుకు పోరాదు; ఆ మనిషి శాంతించేవరకు దానినే పాడాలి. నజరానా ఇచ్చేవారు నేరుగా గాయకునికి ఇవ్వరు. లేచి వెళ్ళి సజ్జాదానషీన్ ముందు ఉంచుతారు, ఆయన ద్వారా అది ఖవ్వాలులకు చేరుతుంది.

మూడు నిమిషాలలో వీటిలో ఏది పడుతుంది? ఎత్తుగడ పోయింది. రుబాయీ ఒక్క ఊపిరికి కుదించుకుపోయింది. గిరహ్ ఒకటో రెండో మిగిలాయి. పునరుక్తి, అనగా ఖవ్వాలీకి ప్రాణమైనది, వృథా అనిపించుకుంది. మిగిలింది పల్లవి, మూడు చరణాలు, వేగంగా ఒక ముగింపు. ఇది ఖవ్వాలీ కాదని ఎవరూ అనలేదు. ఎందుకంటే దర్గా ముఖం చూడనివారికి ఇదే ఖవ్వాలీగా పరిచయమైంది.

కాదన్నవారు, ఔనన్నవారు

ఉస్తాదులందరూ యంత్రానికి తలవంచలేదు. జైపూర్-అత్రౌలీ ఘరానాకు మూలపురుషుడైన ఉస్తాద్ అల్లాదియా ఖాన్ తొంభై ఏండ్లు జీవించి 1946లో మరణించారు. యంత్రం వచ్చిన తరువాత ఆయన బ్రతికి ఉన్నది నలభై ఏండ్లకు పైగా. అయినా ఆయన గొంతు ఒక్క రికార్డుపైన కూడా లేదు. విద్య పరుల పాలవుతుందన్న భయం, టీదుకాణాలలో పాట మోగుతుందన్న అవమానం అప్పటి ఘరానాలలో సాధారణం. దీనిని ఈనాడు మూఢత్వమని నవ్వడం తేలిక. కాని వంశపారంపర్యంగా నేర్చిన చీజ్‌లే ఆస్తిగా బ్రతికే కుటుంబానికి, ఆ ఆస్తిని ఎవరైనా రూపాయి పెట్టి కొనుక్కుని ఇంట్లో కూర్చుని నేర్చుకోగలగడం చిన్న సంగతి కాదు.

మరొక వైపు ఇనాయత్ ఖాన్ ఉన్నారు. బరోడా సంగీత కుటుంబంలో పుట్టి, హైదరాబాదు వచ్చి, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దర్బారులో మన్నన పొంది, ఆ నగరంలోనే అబూ హాషిమ్ మదనీ వద్ద చిష్తీ బైఅత్ చేసిన వ్యక్తి ఆయన. 1909లో కలకత్తాలో ఆయన గ్రామఫోన్ కంపెనీకి ముప్పయికి పైగా పాటలు పాడారు. మరుసటి సంవత్సరం పాశ్చాత్య దేశాలకు వెళ్ళి, సూఫీ బోధకునిగా స్థిరపడి, సంగీత కచేరీలు క్రమంగా విడిచిపెట్టారు. ఆయన ఎలా పాడేవారో ఈనాడు తెలుసుకోవడానికి ఆ పళ్ళేలు తప్ప వేరే ఆధారం లేదు. అల్లాదియా ఖాన్ విషయంలో ఆ ఆధారమూ లేదు. ఈ రెండింటిలో ఏది నష్టమో, ఏది గౌరవమో తేల్చి చెప్పడం కష్టం.

కంపెనీ దృష్టిలో ఇవన్నీ సరకు వివరాలు. 1908లో కలకత్తా సియాల్దాలో పళ్ళేలు ఒత్తే కర్మాగారం ప్రారంభమైంది. 1928లో డమ్‌డమ్‌లో అంతకంటే పెద్దది వచ్చింది. పళ్ళెం తయారీకి ముఖ్యమైన పదార్థం లక్క. ఛోటానాగపూర్ అడవులలో కొమ్మల మీద లక్క పురుగులు పెట్టిన జిగురును ఆదివాసులు గీకి తెచ్చేవారు. ప్రపంచంలోని రికార్డు కర్మాగారాలకు ఆ లక్క ప్రధానంగా భారతదేశం నుండే వెళ్ళేది. లండన్‌లో మోగిన పాట కూడా ఒక విధంగా ఈ అడవుల మీదనే మోగిందన్నమాట.

సరకు అన్న తరువాత కొనేవారిని బట్టి పేరు, రూపు మారుతాయి. ముహమ్మద్ ఖాసిమ్ అనే బెంగాలీ ముస్లిం గాయకుడు కె. మల్లిక్ అన్న పేరుతో కాళికాదేవిపై భక్తి గీతాలు పాడి ఇంటింటా ప్రసిద్ధుడయ్యాడు. ముస్లిం గీతాల విషయంలో కంపెనీకి మొదట నమ్మకం లేదు. అవి అమ్ముడుపోవని అధికారులు భావించారు. గాయకుడు అబ్బాసుద్దీన్ అహ్మద్ పట్టుబట్టగా, కాజీ నజ్రుల్ ఇస్లాం 1931లో ఈద్ పండుగపై ఒక పాట వ్రాశారు. 1932లో ఈద్‌కు ముందు ఆ రికార్డు విడుదలై విశేషంగా అమ్ముడుపోయింది. అంతటితో కంపెనీ అభిప్రాయం మారింది. ఇస్లామీ గీతాలు వరుసగా వచ్చాయి. వాటిని పాడడానికి హిందూ గాయకులు ముస్లిం పేర్లు పెట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. మహఫిల్‌లో 'ఇఖ్వాన్' అన్న మాటకు ఉన్న అర్థం దుకాణంలో 'కొనుగోలుదారులు' అయింది.

1925లో విద్యుత్ మైక్రోఫోను రాకతో బూర బాధ తీరింది. మెల్లని గొంతు కూడా పడసాగింది. ఢోలక్, చప్పట్లు స్పష్టమయ్యాయి. 1930ల నుండి ఖవ్వాల్ బృందాల రికార్డులు ఉత్తరాదిలో విరివిగా వెలువడ్డాయి. కాలపరిమితి మాత్రం మారలేదు. సినిమా ఖవ్వాలీ పుట్టింది ఈ మూడు నిమిషాల అచ్చులోనే. 1945లో 'జీనత్' చిత్రంలో స్త్రీలు పాడిన ఖవ్వాలీ దేశమంతటా మారుమ్రోగింది. నూర్జహాన్, జోహ్రాబాయి అంబాలేవాలీ, కల్యాణి దానిని పాడారు. మహఫిలె సమాలో పాడే ఆచారం పురుషులదే. స్టూడియోకు అటువంటి ఆచారం అడ్డు రాలేదు. తరువాత షకీలా బానో భోపాలీ వంటివారు వేదికలపైనే ఖవ్వాలులుగా పేరు తెచ్చుకున్నారు. 1958లో 'అల్ హిలాల్' చిత్రానికి ఇస్మాయిల్ ఆజాద్ బృందం పాడినది అసలు ఖవ్వాలులు సినిమాలో సాధించిన పెద్ద విజయం. 1960లో 'బర్సాత్ కీ రాత్' చిత్రంలో రోషన్ సంగీతంతో వచ్చిన ఖవ్వాలీ సుమారు పన్నెండు నిమిషాలు. కాని అప్పటికి ఖవ్వాలీ అంటే అల్లాహ్ స్మరణ, ప్రవక్త (స) ప్రశంస, ఔలియా గుణగానం అన్న భావం పలుచబడి, ఇద్దరు ప్రత్యర్థులు ఎదురెదురుగా కూర్చుని ప్రేమ మీద వాదించుకునే పాట అన్న అర్థం స్థిరపడింది.

ఎచ్.ఎం.వి. రికార్డుపై బూర ముందు చెవులు రిక్కించిన కుక్క బొమ్మ అందరికీ పరిచితమే. ఆ మూడక్షరాలకు 'తన యజమాని గొంతు' అని అర్థం. ఖవ్వాల్ విషయంలో ఆ మాట తిరగబడింది. పాడినవానికి సాధారణంగా ఒక్కసారి ఇంత అని రొక్కం ఇచ్చేవారు. ఆపైన ఎన్ని వేల పళ్ళేలు అమ్ముడైనా, గొంతుకు యజమాని కంపెనీయే.

ముప్పయి నిమిషాల స్వేచ్ఛ

1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ ఎల్.పి. రికార్డును విడుదల చేసింది. లక్కకు బదులు వినైల్, నిమిషానికి 78 చుట్లకు బదులు ముప్పయి మూడున్నరకు కొంచెం తక్కువ. ఒక వైపు ఇరవై నిమిషాలు దాటి మోగుతుంది. శాస్త్రీయ సంగీతానికి ఇది పెద్ద ఊరట. 1955లో ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ సరోద్ వాదనంతో మొదటి ఎల్.పి. వచ్చింది, రాగం మళ్ళీ ఊపిరి పీల్చుకుంది. ఖవ్వాలీకి ఆ అవకాశం ఆలస్యంగా, కొద్దిమందికే దక్కింది. పాకిస్తాన్‌లో సాబ్రీ సోదరులు అందులో ముందున్నారు. 1970లలో వారి దీర్ఘమైన రికార్డులు రెండు దేశాలలోనూ ఆదరణ పొందాయి. 1975లో వారు న్యూయార్క్ కార్నెగీ హాలులో పాడారు.

హైదరాబాదులో ఆ కాలపు పెద్ద పేరు అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ. 1971లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఈనాడు వార్సీ బ్రదర్స్‌గా ప్రసిద్ధులైనవారు ఆయన మనుమలే. రికార్డు ఎంత విస్తరించినా ఇటువంటి కుటుంబాలకు విద్య అందింది తాత నుండి తండ్రికి, తండ్రి నుండి కొడుకుకు ఎదురెదురుగా కూర్చునే. ఏ పంక్తి వద్ద ఆగాలో, ఎవరి ముఖం చూసి ఆగాలో పళ్ళెం నేర్పదు.

అసలు మార్పు క్యాసెట్టుతో వచ్చింది. ఫిలిప్స్ కంపెనీ దానిని 1963లో వెలువరించింది. భారతదేశంలో అది సామాన్యుని చేతికి అందింది 1970ల చివరి నుండి. గల్ఫ్ దేశాలకు వెళ్ళిన కార్మికులు సెలవుపై వస్తూ తెచ్చిన వస్తువులలో టూ-ఇన్-వన్‌కు మొదటి స్థానం. కరీంనగర్, కడప వంటి జిల్లాల పల్లెలలో కూడా అది కనిపించసాగింది. గ్రామఫోను సంపన్నుల కూటానికి అలంకారం. రేడియోలో ఎవరో ఎంపిక చేసిందే వినాలి. క్యాసెట్టులో మాత్రం ఎవరికి కావలసింది వారే వినవచ్చు, ఎవరికి కావలసింది వారే పట్టుకోవచ్చు. ఈ చివరి మాట ముఖ్యం. అంతవరకు వినే యంత్రం ఒకటి, పట్టే యంత్రం వేరొకటి. పట్టేది కంపెనీ చేతిలో ఉండేది. క్యాసెట్టు ఆ రెండింటినీ ఒకే పెట్టెలో పెట్టింది.

ఫలితం త్వరగానే కనిపించింది. కర్మాగారం, పళ్ళేలు ఒత్తే యంత్రాలు, పెద్ద పెట్టుబడి అవసరం లేకపోయింది. నకళ్ళు తీసే యంత్రాలు నాలుగు ఉంటే గల్లీలో కంపెనీ పెట్టవచ్చు. ఒకే కంపెనీ ఆధిపత్యం 1980లలో కూలిపోయింది. టి-సీరీస్ వంటి కొత్త సంస్థలు తక్కువ ధరకు క్యాసెట్లు గుమ్మరించాయి. అంతవరకు సినిమా పాటల నీడలో పడి ఉన్న భజనలు, నాతులు, జానపదాలు, ప్రాంతీయ భాషల పాటలు అంగళ్ళలో దొరకసాగాయి. ఈ పరిణామాన్ని ఉత్తర భారతంలో పరిశీలించి పీటర్ మాన్యువల్ 1993లో 'క్యాసెట్ కల్చర్' అనే గ్రంథం ప్రకటించాడు. దర్గాల బయట, పూల చాదర్లు, అగరుబత్తీలు అమ్మే దుకాణాల పక్కనే క్యాసెట్ల దుకాణాలు వెలిశాయి. ఉర్సుకు వచ్చిన యాత్రికుడు తబర్రుక్‌తో పాటు ఆ దర్గాపై పాడిన ఖవ్వాలీ క్యాసెట్టును కూడా మూటగట్టుకుని వెళ్ళేవాడు.

కాలపరిమితి దాదాపు తొలగిపోయింది. అరవై నిమిషాల క్యాసెట్టులో ఒక వైపు ముప్పయి, తొంభై నిమిషాలదైతే నలభై ఐదు. మహఫిల్‌లోని రుబాయీ, గిరహ్, పునరుక్తి తిరిగి వచ్చాయి. పాకిస్తాన్‌లో అజీజ్ మియాన్ పాడిన ఒక ఖవ్వాలీ గంటన్నర దాటుతుంది. పళ్ళెపు యుగంలో అది ఊహకందని మాట. మూడు నిమిషాల నుండి ఇంతవరకు వచ్చిన ఈ ప్రయాణాన్ని చూసి, యంత్రమే తాను తీసుకున్నది తిరిగి ఇచ్చిందని అనవచ్చు. అయితే ఇచ్చింది సమయాన్ని మాత్రమే. చోటు, సహచరులు తిరిగి రాలేదు. లారీ డ్రైవరు పక్కన, మంగలి దుకాణంలో, పెండ్లి పందిరి లౌడ్‌స్పీకరులో అదే మన్ఖబత్ మోగుతుంది. వింటున్నవానికి వజూ ఉందా, మనసు ఎక్కడ ఉంది అని క్యాసెట్టు అడగదు.

ఇదే యంత్రం ఖుర్ఆన్ పారాయణం విషయంలో ఇంకొక విధంగా పనిచేసిందన్నది గమనార్హం. ఈజిప్టులో లబీబ్ అస్సయీద్ ప్రయత్నం ఫలితంగా షేఖ్ మహమూద్ ఖలీల్ అల్-హుసరీ కంఠంతో సంపూర్ణ ఖుర్ఆన్ పారాయణం 1961లో రికార్డుగా వెలువడింది. అక్కడ ప్రతి అక్షరం, ప్రతి విరామం తజ్వీద్ నియమాలకు బద్ధమై ఉంటుంది. వినేవాని ముఖాన్ని బట్టి పారాయణం మారదు, మారకూడదు. అందువల్ల యంత్రం అక్కడ కాపరి అయింది. ఖవ్వాలీలో వినేవాని బట్టి మారడమే నియమం. కనుక యంత్రం అక్కడ ఎంత నమ్మకంగా కాపాడినా, కాపాడింది ఒక్క రాత్రిని మాత్రమే.

గొంతు ఎవరిది?

క్యాసెట్టు ఖవ్వాలులకు పేరు తెచ్చింది. డబ్బు తెచ్చిందా అంటే, తెచ్చింది కాని చాలా వరకు పరోక్షంగా. నకిలీ క్యాసెట్ల వల్ల కంపెనీకే లెక్క తెలియదు. కంపెనీకి తెలిసినది గాయకునికి తెలియదు. క్యాసెట్టు విని కచేరీకి పిలిచేవారు పెరిగారు కనుక ఖవ్వాలులు దానిని ఒక ప్రకటనగా భావించి ఊరుకున్నారు.

చట్టం కూడా వారి వైపు లేదు. 1957 నాటి భారత కాపీరైట్ చట్టం రికార్డుపై హక్కును దానిని తయారు చేయించినవానికి ఇచ్చింది. పాట కట్టినవానికీ, వ్రాసినవానికీ హక్కులున్నాయి. పాడినవానికి ఏమీ లేదు. ఖవ్వాలీలో ఇది మరింత అన్యాయంగా పరిణమించింది. అమీర్ ఖుస్రో (1253–1325) కలామ్‌కు కాపీరైట్ ఉండదు. బాణీలు తరతరాలుగా వస్తున్నవి, వాటికి కర్త పేరు లేదు. అందువల్ల అందులో ఖవ్వాల్ తనదని చెప్పుకోగలిగినది పాడిన తీరు ఒక్కటే. చట్టం దానినే గుర్తించలేదు. 1994లో సవరణ జరిగి, 1995 మే 10 నుండి ప్రదర్శకుల హక్కు అన్నది మొదటిసారి అమలులోకి వచ్చింది. ప్రదర్శనను వ్యాపారానికి వాడినప్పుడు రాయల్టీ పొందే హక్కు, తన ప్రదర్శనను వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు 2012 సవరణతో చేరాయి. గౌహర్ జాన్ బూర ముందు నిలబడిన నూటపది సంవత్సరాలకు! అప్పటికి క్యాసెట్టు కూడా చరిత్రలో కలిసిపోతూ ఉంది.

వికృతం చేయడమన్న మాటకు నుస్రత్ ఫతే అలీ ఖాన్ జీవితంలో ఒక ఉదాహరణ ఉంది. ఫైసలాబాదులోని రహ్మత్ గ్రామఫోన్ హౌస్, బర్మింగ్‌హామ్‌లోని ఓరియంటల్ స్టార్ ఏజెన్సీస్ వెలువరించిన క్యాసెట్ల ద్వారా ఆయన పేరు ప్రవాసుల ఇళ్ళకు చేరింది. 1985లో ఇంగ్లండులో జరిగిన వోమాడ్ ఉత్సవంలో పాడిన తరువాత పాశ్చాత్య శ్రోతలు ఆయనను వినడం మొదలుపెట్టారు. 1990లో పీటర్ గాబ్రియేల్‌కు చెందిన రియల్ వరల్డ్ సంస్థ 'మస్త్ మస్త్' అనే ఆల్బమ్ వెలువరించింది. మైకేల్ బ్రూక్ అనే కెనడా సంగీతజ్ఞుడు నుస్రత్ గానాన్ని టేపుపై ముక్కలు చేసి, గిటార్లు, యంత్ర వాద్యాల మధ్య అమర్చాడు. కొన్నిచోట్ల తన కత్తిరింపు ఒక పదబంధాన్ని మధ్యకు విరిచి అర్థం లేకుండా చేసిందని, నుస్రత్ అందుకు ఒప్పుకోలేదని, ఆపైన సర్దుబాటు చేసుకోవలసి వచ్చిందని బ్రూక్ స్వయంగా తరువాత చెప్పాడు. భాష తెలియని చెవికి అవి కేవలం ధ్వనులు. పాడినవానికి అది కలామ్. ఆ ఆల్బమ్‌లోని ముఖ్యమైన పాట మరొక బృందం చేతిలో మళ్ళీ రూపు మారి, నృత్యశాలలలో మోగి, 1996 ప్రపంచకప్ క్రికెట్ వేళ ఒక శీతల పానీయం ప్రకటనలో వినిపించింది. ఒక సూఫీ దర్వేషు స్మరణ అక్కడ దాహానికి ప్రకటన అయింది. నుస్రత్ దీనికి బాధపడ్డారని గాని, సంతోషించారని గాని చెప్పడం సులభం కాదు. ప్రయోగాలకు ఆయన స్వయంగా ఇష్టపడి ముందుకు వెళ్ళినవారు. పాత పద్ధతిలో సుదీర్ఘమైన మహఫిల్‌లు కూడా చివరిదాకా పాడారు. 1997 ఆగస్టు 16న నలభై ఎనిమిదేండ్ల వయస్సులో మరణించారు.

ఆ తరువాతి కథ వేగంగా నడిచింది. సి.డి. వచ్చింది, పోయింది. ఎం.పి.3తో పాటకు పళ్ళెం, పెట్టె అవసరమే లేకుండా పోయింది. 2015లో పాకిస్తాన్‌లోని కోక్ స్టూడియో కార్యక్రమంలో అతిఫ్ అస్లమ్ పాడిన సాబ్రీ సోదరుల ప్రసిద్ధ ఖవ్వాలీని యూట్యూబ్‌లో కోట్లాదిగా చూశారు. ఇప్పుడు పాటలు అమ్ముడుపోవు, లెక్కింపబడతాయి. స్పాటిఫై వంటి సంస్థల లెక్కలో ఒక పాటను ముప్పయి సెకన్లు వింటే ఒక్కసారి విన్నట్లు. అందుచేత వినేవానిని ఆ ముప్పయి సెకన్లలోనే పట్టి నిలపాలి. హార్మోనియం ఎత్తుగడ, తాళం లేని రుబాయీ మళ్ళీ ప్రమాదంలో పడ్డాయి. పళ్ళెం కోరింది మూడు నిమిషాలైతే, ఇది కోరేది దానిలో ఆరవ వంతు.

దర్గాలలో మాత్రం గురువారం రాత్రులు ఖవ్వాలీ సాగుతూనే ఉంది. ఢిల్లీ నిజాముద్దీన్ దర్గాలో ఖవ్వాల్ ఎదుట ఇప్పుడు వందల ఫోనులు లేచి ఉంటాయి. ఖవ్వాల్ వెతికే ముఖాలకు, ఖవ్వాల్‌కు మధ్య ఆ ఫోనులు అడ్డు వస్తున్నాయి. అయినా ముందువరుసలో ఒక ముసలి మురీదు కండ్లు మూసుకుని ఊగితే, పాత అలవాటు చొప్పున ఖవ్వాల్ ఆ పంక్తి వద్దనే ఆగుతాడు, తిరిగి ఎత్తుకుంటాడు. ఫోనులలో అది పూర్తిగా పడుతుందో లేదో అతనికి పట్టదు.

రియల్ వరల్డ్ సంస్థ గిడ్డంగిలో 1990 నాటి నుస్రత్ టేపులు కొన్ని మూడు దశాబ్దాలకు పైగా అడుగున పడి ఉండి బయటపడ్డాయి. వాటిని శుభ్రపరచి 2024 సెప్టెంబరులో 'చెయిన్ ఆఫ్ లైట్' అన్న పేరుతో విడుదల చేశారు. అందులో నాలుగు ఖవ్వాలీలున్నాయి. అవి సంప్రదాయ పద్ధతిలో, బృందమంతా కలిసి పాడినవి. పాడినవాడు మరణించి అప్పటికి ఇరవై ఏడేండ్లు.